బండల మీద ఎర్ర రంగు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు అంజలికి అన్న కాటమరాజు దీవెనలు. ఇక్కడ గొర్రెలతో సహా అందరం బాగుండాము. దొనకొండలో నువ్వు, బావ, బిడ్డ సుఖంగా ఉండారని తలుస్తాను.

నాయన మోకాలి నొప్పి ఎట్లుందని అడిగినావు. నూనె రాయించుకోడు, తగ్గలేదని మీ వదినను తిడతాడు. చుక్కల గొర్రె ఈనింది, రెండు పిల్లలు. ఇంక నువ్వు మరీ మరీ అడిగింది, ఏరు బాగుచేస్తున్నామని మండలాఫీసులో చేసిన సన్మానం ఫోటో. ఫోన్ చేసినప్పుడల్లా ఏదో చెప్పి తప్పించుకున్నా. నోటితో చెప్పలేకనే ఈ కాగితం.

పెండ్లికి ముందు నువ్వు మొదలుపెట్టిన పని మేము విడవలేదు. సోమవారం సోమవారం గుండ్లకమ్మ నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేస్తున్నాము. అబ్దుల్ గఫార్ అయితే మడుగులో దిగి కవర్లు ఏరని వారం లేదు. మందు పూసిన గొర్రెలను ఏట్లో దించగూడదని బోర్డు రాసింది నువ్వు, మేకులు కొట్టింది నేను.

ఆ బోర్డు పక్కనుంచే దించినానమ్మా. పిడుదులు పట్టినాయని మందకు మందు పూసి ఉన్నా. బొచ్చు కత్తిరించేవాళ్లు తెల్లారి వస్తామన్నారు. బొచ్చు మురికిగా ఉంటే కత్తెర ఆడదని సణుగుతారు గదా. గట్టు మీద బిందెలతో కడిగే ఓపిక లేక ఎనభై గొర్రెలనూ మడుగులోకి తోలినా. మరునాటికి చేపలు చచ్చి తేలినాయి.

అందరం మడుగు కాడ చేరినాము. ఎవరి పని ఇది అని సంధ్యారాణి టీచరు అడిగింది. గఫార్ చేలకు పురుగుమందు కొట్టే కూలికి పోతాడు గదా, ట్యాంకు ఇక్కడ కడుగుతుంటే చూసినానని అనేసినా. నా నోట పురుగులు పడ, ఆ మాట ఎట్ల వచ్చిందో! నేను కడగలేదని గఫార్ ఒక్కసారే అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

సన్మానం పట్టీలో అతని పేరు తీసేసినారు. నాకు శాలువా కప్పినారు. జనంలో నిలబడి గఫార్ కూడా చప్పట్లు కొట్టినాడు. ఫోటోలో నేను పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతా ఉండా. ఆ మొగం నీకెట్ల పంపేది?

నిన్న ఆ శాలువా పట్టుకొని వాళ్లింటికి పోయినా. గఫార్ పెండ్లాం లాల్బీ టీ ఇచ్చింది. తాగబుద్ధి కాక గ్లాసు చేతిలో పెట్టుకొనే అంతా చెప్పేసినా. గఫార్ తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకు అప్పుడే తెలుసు కాటమన్నా. నీ మంద గుర్తుకు పూసే ఎర్ర రంగు మడుగు బండలకు అంటుకొని ఉండె."

మరి ఎందుకు చెప్పలేదని అడిగినా.

"నువ్వే చెప్తావని చూసినా. శాలువా కప్పేదాకా చూసినా."

తిట్టినా బాగుండు. నాకు తల కొట్టేసినట్టయింది. శాలువా అక్కడ పెట్టబోతే, ఇది నాదీ కాదు అని తిరిగి ఇచ్చినాడు.

వచ్చే సోమవారం నీళ్లు పట్టేటప్పుడు అందరి ముందర చెప్తా. మళ్లీ వెనక్కి తగ్గుతానేమోనని ముందు నీకు రాస్తుండా. బోర్డు అడుగున మన పేర్లు నువ్వు రాసినవే గదా. గఫార్ పేరు మీద తెల్ల రంగు పూసినారు. దాన్ని మళ్లీ రాసేదానికి నువ్వు రా తల్లీ, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నా పేరు చెరిపే పని మాత్రం నాకు వదిలిపెట్టు.

ఇట్లు,
నీకు మొగం చూపలేని అన్న,
కాటమరాజు