టాడ్ స్థానంలో పాడే మనిషి

కొలంబస్, నవంబరు 3, 2004

ప్రియమైన బెర్నడీన్ ఆంటీకి,

ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మూడుసార్లు టొలీడో దాకా వచ్చి, మీ వీధి మలుపులోనే కారు వెనక్కి తిప్పేశాను.

మీ గరాజ్‌లో మేం నలుగురం బ్యాండు మొదలుపెట్టినప్పుడు ఆ మోతను మీరొక్కరే భరించారు. దానికి కోల్డ్ ఫర్నేస్ అని పేరు పెట్టింది మీ టాడే. డ్రమ్స్ వాయించే లైల్, కూతురు పుట్టగానే గాజు ఫ్యాక్టరీలో చేరిపోయాడు. టెక్సస్‌లో వ్యాను బోల్తాపడి మణికట్టు విరిగాక హెక్టర్ బేస్ గిటార్ వదిలేశాడు. ప్రతిసారీ కొత్తవాణ్ణి వెతికి తెచ్చుకున్నాం. "ఎవడు పోతే ఏంట్రా, నువ్వూ నేనూ ఉన్నాం కదా" అనేవాడు టాడ్. జనం మమ్మల్ని గుర్తుపట్టింది వాడి గొంతుతోనే. పేగుల్లోంచి వచ్చేది ఆ అరుపు.

వాడు తనంతట తానే బ్యాండు మానేశాడని పత్రికలకు చెప్పాను. మీకూ అదే చెప్పాను. అబద్ధం, ఆంటీ. మేమే తీసేశాం. తీసేద్దామన్నది నేను.

ఆఖరి రోజుల్లో మత్తు మాత్రలు మింగి స్టేజీ ఎక్కేవాడు. తను రాసిన పాట తనకే గుర్తుండేది కాదు. డేటన్‌లో జనం సీసాలు విసిరారు. మర్నాడు పొద్దున్న ఓ హోటల్ బయట, కార్లు ఆపేచోట చెప్పాను. మా మొహాలు చూసి వాడు నవ్వుతూ, "ఈసారి ఎవణ్ణి పీకేస్తున్నారు?" అన్నాడు.

"నిన్నేరా" అన్నాను.

ఆ నవ్వు ఎలా ఆపాలో తెలియనట్టు ఇంకాసేపు నవ్వుతూనే ఉన్నాడు. "సరే, నా సంచీ ఇటు పడెయ్" అన్నాడు. పడేశాను. వ్యాను కదిలాక వెనక్కి చూడలేదు. పదకొండో రోజున, లైమా దగ్గర మోటెల్ గదిలో శవమై దొరికాడు.

సమాధి దగ్గర మీరు నా చెయ్యి పట్టుకుని, "వాడు బ్యాండు మానేస్తానన్నప్పుడు నువ్వైనా ఆపాల్సింది, రస్" అన్నారు. ఎనిమిది నెలలుగా ఆ మాట నన్ను తినేస్తోంది.

ఇప్పుడు రికార్డు కంపెనీవాళ్లు కొత్త గాయకుణ్ణి చూశారు. కీగన్ అని, ఇరవై మూడేళ్లవాడు. బాగా పాడతాడు. టాడ్ పాట పాడి వినిపిస్తుంటే మధ్యలోనే లేచి బయటికెళ్లిపోయాను. ఈ బ్యాండు ఇక్కడితో ముగించాలని నిర్ణయించుకున్నాను. వచ్చే శుక్రవారం అందరికీ చెప్పేస్తాను. మీ కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే.

మీ గుమ్మం తొక్కే అర్హత లేని,
రస్ డిలాంగ్

---

టొలీడో, నవంబరు 8, 2004

నాయనా రస్,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదివాక కూర్చున్నాను. నువ్వు చెప్పింది నాకు తెలుసురా. మొదటినుంచీ తెలుసు.

మీరు వదిలేసిన రోజు సాయంత్రమే వాడు బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. మెట్ల మీద నిలబడి, "అమ్మా, నన్ను తీసేశారే" అన్నాడు. కళ్లు తేలిపోతున్నాయి. అంతకుముందు రెండుసార్లు ఇంట్లో ఉండనిచ్చాను. రెండుసార్లూ నా మోకాలి నొప్పి మాత్రలు మాయం చేశాడు. అందుకని తలుపు గొలుసు తియ్యలేదు. "ముందు అవన్నీ మానేసి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

"కాస్త సూప్ తాగి పోతానే" అన్నాడు.

తలుపు మూసేశాను. చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. మళ్లీ కిటికీలోంచి చూస్తే లేడు.

సమాధి దగ్గర నీతో ఆ మాట ఎందుకన్నానో తెలుసా? బరువు నీ మీద పడేస్తే నాకు తగ్గుతుందని. తగ్గలేదు. నిన్ను మాత్రం ఎనిమిది నెలలు కాల్చుకుతిన్నాను.

బ్యాండు మూసెయ్యడం నాకేదో మేలు అనుకోకు. నాకొద్దు. అందులో లైల్ చెమట ఉంది, హెక్టర్ విరిగిన చెయ్యి ఉంది. వాయించాలని లేకపోతే నీ కోసం మానెయ్. ఉంటే ఆ కుర్రాణ్ణి పాడనీ. నేను మాత్రం వినలేను.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ కీగన్‌కి తల్లి ఉందా? ఉంటే ఆమె నంబరు రాసి పెట్టుకో. మీ సంగతి నాకు తెలుసు, ఏదో ఒకనాడు వాణ్ణీ తీసేస్తారు. ఆ రోజు వాడు ఇంటికి చేరకముందే ఆమెకు ఫోన్ చేసి, "మీవాడు వస్తున్నాడు, ఎలా ఉన్నా లోపలికి రానివ్వండి" అని చెప్పు.

టాడ్ తల్లి,
బెర్నడీన్ కోసిక్