అమ్మకు రాని తెలుగు

జూన్ 18, 2012

చిక్కడపల్లిలో ఇల్లు దొరికింది. మేడ మీద రెండు గదులు. ఇంతకుముందు చూసిన చోటల్లా నా భార్య అల్మాజ్‌ను చూడగానే ‘కిరాయికి లేదు’ అన్నారు. కింద ఉండే ఓనరు సుశీలమ్మ గారు మాత్రం ఆమెను తేరిపార చూసి, “నల్లా పొద్దున్నే వస్తది, నీళ్ళు పట్టుకోవాలె. చెప్పు సార్ ఆమెకు” అన్నారు. అంతే.

ఆడిస్ అబాబాలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. వచ్చేశాం — నేను, అల్మాజ్, ఆమె మొదటి పెళ్ళి బిడ్డ హానా. ఇన్నాళ్ళూ పరాయి దేశంలో ఉన్నది నేను. ఇవాళ్టి నుంచి వాళ్ళిద్దరూ.

జూన్ 27

అశోక్‌నగర్‌లో పని దొరికింది. స్పోకెన్ ఇంగ్లీషు. అంతా గ్రూప్స్‌కు చదువుకునేవాళ్ళే, హాస్టళ్ళలో ఉంటారు. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒకటి. గొంతు పోయింది.

జులై 9

హానా నారాయణగూడ స్కూల్లో ఏడో తరగతి. మొదటి రోజు. ఆ జుట్టు నిజమైనదేనా అని పిల్లలు లాగి చూశారట. రేపు నేను వచ్చి మాట్లాడతానన్నాను. వద్దంది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

జులై 22

అల్మాజ్ పెనం మీద కాఫీ గింజలు వేయించింది. ఇల్లంతా పొగ. సుశీలమ్మ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

“ఏంది సార్, ఏమో మాడుతున్నది?”

అల్మాజ్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ళ పద్ధతిలో మూడు విడతల కాఫీ అయ్యేదాకా లేవకూడదు. ఆవిడ లేవలేదు. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరికీ మధ్య నేను.

ఆగస్టు 30

హానాకు తెలుగు వచ్చేస్తోంది. నా తెలుగు కాదు, స్కూలుదీ వీధిదీ. “నాన్నా, జర పక్కకు జరుగు” అంది పొద్దున. ఎంత సంతోషమేసిందో.

సంతోషించాక గమనించాను — అల్మాజ్ తమ భాషలో, అమ్హారిక్‌లో, ఏదడిగినా పిల్ల జవాబు ఇంగ్లీషులో చెబుతోంది. లేదా తల ఊపుతోంది.

సెప్టెంబర్ 11

వాళ్ళ కొత్త సంవత్సరం. అల్మాజ్ పసుపు పూలు కావాలంటే నారాయణగూడ మార్కెట్‌లో చామంతులు తెచ్చాను. అక్కడ ఈ రోజు ఆడపిల్లలు పూలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పాడతారు. హానాను పాడమంది.

“మర్చిపోయిన.”

తెలుగులో అంది. అల్మాజ్ నా వైపు చూసింది. చెప్పాను. ఆమె చామంతులు గ్లాసులో పెట్టి లోపలికి వెళ్ళింది.

మర్చిపోలేదు. స్నానం చేస్తూ పాడుకోవడం నేను విన్నాను.

సెప్టెంబర్ 19

అక్కడి నుంచి తెచ్చుకున్న టెఫ్ ధాన్యం పిండి అయిపోయింది. రాగిపిండి పులియబెట్టి ఇంజెరా అట్టు పోసింది. నేను బాగుందన్నాను. అల్మాజ్ నవ్వలేదు.

అక్టోబర్ 4

క్లాసు అయ్యాక స్వరూప అనే అమ్మాయి ఆగింది. సిరిసిల్ల వైపు పిల్ల. ఏదడగాలన్నా ముందు బెరుకు, అడిగాక ఆగదు.

“సార్, మీరు మేడంతోని కొట్లాడితే ఏ భాషల కొట్లాడతరు?”

ఇంగ్లీషులోనే అన్నాను.

“మరి కోపం మంచిగ వస్తదా సార్?”

నవ్వుకున్నాం. ఇంటికి నడుస్తుంటే నవ్వు పోయింది. మా ఇంట్లో ఎవరూ గొంతెత్తరు. పద్ధతైన కుటుంబం అనుకునేవాణ్ణి. ముగ్గురిలో ఎవరిదీ కాని భాష... మాట సరిచూసుకునేలోపు కోపం చల్లారిపోతుంది. లేక, చల్లారినట్టు కనిపిస్తుంది.

అక్టోబర్ 22

సద్దుల బతుకమ్మ. సుశీలమ్మ గారు హానాకు తన మనవరాలి లంగా ఓణీ కట్టి తీసుకెళ్ళారు. గల్లీ చివర ఆడవాళ్ళంతా చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. మధ్యలో హానా. చప్పట్లు తప్పడం లేదు.

అల్మాజ్ బాల్కనీలోంచి చూస్తోంది. కిందికి వెళ్దాం రమ్మన్నాను.

“నన్ను చూస్తే ఆపేస్తుంది” అంది.

నవంబర్ 11

ఆడిస్ నుంచి ఫోను. అల్మాజ్ తల్లి జారిపడింది, తుంటి విరిగింది. చూసుకునేవాళ్ళు లేరు. అల్మాజ్ వెళ్ళాలి. తప్పదు. హానాను కూడా తీసుకెళ్తానంటోంది. ఎన్నాళ్ళని అడిగాను. బట్టలు మడుస్తూనే ఉంది.

నవంబర్ 14

ట్రావెల్స్ అతనికి ఎన్ని టికెట్లో రేపు సాయంత్రంలోగా చెప్పాలి.

అన్నాల దగ్గర హానా, పళ్ళెంలోకి చూస్తూ, నాతో — “నేను రాను. ఆడికి పోతే మల్ల రానియ్యదు. పోతే ఆమెనే పోనియ్యి.”

“ఏమంది?” అల్మాజ్.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసే పనే కదా, ఒక భాషలో మాట ఇంకో భాషలో పెట్టడం. ఈ మాట నేను పెట్టలేను.

“నువ్వే చెప్పమ్మా” అన్నాను హానాతో. “అమ్మకు అర్థమయ్యేలా.”

“నువ్వు చెప్పవా?”

“చెప్పను.”

నా వైపు కోపంగా చూసింది. ఆ తర్వాత తల్లి వైపు తిరిగి అమ్హారిక్‌లో మొదలుపెట్టింది. మెల్లగా, తడుముకుంటూ. అల్మాజ్ మధ్యలో అందుకుంది. పిల్ల గొంతు పెంచింది. తల్లి ఇంకా పెంచింది. ఈ ఇంట్లో నేను ఎన్నడూ వినని అరుపులు. కింద సుశీలమ్మ గారు టీవీ సౌండు తగ్గించారు.

నాది కూరగాయలు కొనుక్కునే అమ్హారిక్. స్కూలు అన్న మాట, అమ్మమ్మ అన్న మాట పట్టుకోగలిగాను. నా పేరు రెండువైపుల నుంచీ వచ్చింది. ఎందుకో తెలీదు. కూర చల్లారిపోయింది. నేను ఉన్నానన్న సంగతే వాళ్ళకు గుర్తు లేదు.

నవంబర్ 15

సాయంత్రం క్లాసు మానేశాను. ఇంటికొస్తే ఇద్దరూ లోపలి గదిలో, తలుపు వేసుకుని.

పొద్దున హానాను అడిగాను, ఏం అనుకున్నారని. “అమ్మనడుగు.” అల్మాజ్‌ను అడిగాను. “హానా చెబుతుంది.”

ట్రావెల్స్ అతను రెండుసార్లు ఫోను చేశాడు. కాసేపు ఆగమన్నాను. ఒక టికెట్టా, రెండా... మూడు కూడా కావచ్చునా? నన్నెవరూ అడగలేదు. అడిగితే వెళ్తానా? అశోక్‌నగర్ వదిలి, మళ్ళీ అక్కడ కొత్త ఉద్యోగం వెతుక్కుంటూ... తెలీదు.

బయట కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల మాటలు తగ్గాయి. ఎవరో ఏడుస్తున్నారు, గట్టిగా కాదు. ఇంకొకరు “ఐజోష్, ఐజోష్” అంటున్నారు. నేనున్నాను, బెంగపడకు అని ఆడవాళ్ళతో అనే మాట. అది నాకు తెలుసు.

అంటున్నది తల్లో, కూతురో పోల్చుకోలేకపోతున్నాను.