ఏకాహంలో బాటు వంతు

పాలకొల్లు

చిరంజీవి మణిశంకర్‌కి మీ అత్తయ్య వరహాలక్ష్మి దీవెనలు. ఇక్కడ అంతా కులాసా, మీ మావయ్య గొంతు తప్ప.

ఫోన్ చేస్తే "ఊఁ అత్తయ్యా" అంటూ కంప్యూటర్ టకటకలాడిస్తావు. ఉత్తరమైతే చేతులు ఖాళీ చేసుకుని చదవాలి కదా అని రాస్తున్నాను.

వచ్చే పౌర్ణమికి మన ఇంట్లో ఏకాహం. పొద్దున్నే దీపం పెట్టింది మొదలు మర్నాటి పొద్దుటిదాకా రామనామం ఆగకూడదు. ఆగిందా, మళ్ళీ మొదటికే. మన భజన జట్టంతా తలో ఊరూ చేరారు కనక రామలక్ష్మి నిడదవోలు నుంచీ, బుల్లియ్యగారు నరసాపురం నుంచీ ఫోన్లో వాయిస్ రూములోకొచ్చి వాళ్ళ వంతు చెబుతారు. ఇక్కడ దీపం దగ్గర స్పీకర్లో వినిపిస్తుంది. భోజనాల వేళ వంతు ఎప్పుడూ మీ మావయ్యది. గొంతు ఆపరేషన్ అయ్యాక డాక్టరు పాడొద్దన్నాడు. తన వంతు దగ్గరే ఏకాహం తెగిపోతుందని ఆయనకి అన్నం సహించడం లేదు. నేను తెగనివ్వను. ఆ వంతు నువ్వు చూసుకో.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని బాగానే అందుకునేవాడివి. ప్రసాదం కోసమేననుకో.

రాజమండ్రి

అత్తయ్యకి మణి నమస్కారాలు.

నువ్వు నిశ్చింతగా ఉండు. ఆ వంతు చూసుకోవడానికి ఒక బాటుని, అంటే చెప్పిన పని తనంతట చేసుకుపోయే ప్రోగ్రామ్‌ని, తయారుచేశాను. అది మనిషిలాగే మీ వాయిస్ రూములోకి వస్తుంది. "ప్లే" అని కొడితే నామం మొదలుపెడుతుంది, "స్టాప్" అని కొడితే ఆపుతుంది. నిజానికి అది పాడదు. పాట వేరే చోట సర్వర్లో ఉంటుంది. మధ్యలో లైబ్రరీ అని ఎవరో రాసిపెట్టిన కోడ్ ఉంది. బాటు దానికి చెబుతుంది, అది వెళ్ళి సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ పాటని గదిలోకి పంపుతుంది. అంతా నేనే రాయాలంటే వచ్చే పౌర్ణమి కాదు, ఆ పై పౌర్ణమి వచ్చేస్తుంది.

మావయ్య పాత క్యాసెట్ నా దగ్గరుంది. ఆయన గొంతే పెట్టాను. సంతోషిస్తారు.

మణి

తా.క. బాటుకి విస్తరి వెయ్యనక్కర్లేదు. నీ కోడలు హైమ ముందే చెప్పమంది, నీ సంగతి తనకి తెలుసు.

పాలకొల్లు

చి. మణికి ఆశీస్సులు.

నీ లైబ్రరీ సంగతి అర్థమైంది. పెళ్ళిళ్ళ పేరయ్య అన్నమాట. మంచిదే. కానీ పేరయ్య ఎంత గట్టివాడైనా పీటల మీద కూర్చోవలసింది వేరేవాళ్ళు కదా.

నిన్న అందరం ఒకసారి చెప్పి చూసుకున్నాం. రామలక్ష్మి తన వంతు చివర "అందుకోండి" అని పిలిచింది. నీ బాటు ఉలకలేదు, పలకలేదు. "ప్లే" కొట్టాలట. తాళాలు వాయించే చేత్తో ఎలా కొడుతుంది? అవతలివాడు అందుకునేదాకా ఇవతలివాడు ఆపకూడదు, అది మన పద్ధతి. పాపం ఆవిడ ఆపలేక, కొట్టలేక అవస్థపడింది. ఎలాగో నేను కొట్టాను. తీరా అందరం ఫోన్లు కట్టేసి అన్నాలకి లేచేసరికి, గదిలో ఎవరూ లేరని అదీ లేచిపోయింది. ఒరేయ్, ఎవరూ వినకపోయినా చెప్పేదే నామం.

మీ మావయ్య తన గొంతు విని లేచి వీధరుగు మీదకి వెళ్ళిపోయారు. "నేనింకా ఉన్నాను కదే, అప్పుడే ఫోటోకి దండ వేస్తారేంటి" అన్నారు.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. విస్తరి వేశాను. పద్ధతి పద్ధతే.

రాజమండ్రి

అత్తయ్యకి నమస్కారాలు.

మావయ్య బాధపడ్డారంటే నాకూ మనసు బాగోలేదు. ఆ క్యాసెట్ తీసేశాను. వేరే గొంతు పెట్టాను, తాళాల చప్పుడుతో సహా. ఇప్పుడు "అందుకోండి" అంటే చాలు, అందుకుంటుంది. గదిలో ఎవరూ లేకపోయినా కదలదు. నెట్ పోయి వచ్చినా లైబ్రరీ మళ్ళీ సర్వర్‌ని పట్టుకుని, ఆగిన చోటే మొదలుపెడుతుంది. ఇంత పట్టుదలగా మా ఆఫీసు పని కూడా చెయ్యలేదు. ఆ వేళప్పుడు ఇక మనుషులతో పనే లేదు. మీరంతా హాయిగా భోంచెయ్యండి.

మణి

తా.క. బుల్లియ్యగారు పొరపాటున "స్టాప్" నొక్కుతారేమోనని ఆ అధికారం అందరికీ తీసేశాను. నీ ఒక్కదానికే ఉంచాను. పెద్దదానివి, నిన్ను మించి నమ్మకస్తులెవరు?

రాజమండ్రి

అత్తయ్యకి నమస్కారాలతో రాసేది.

నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పౌర్ణమినాడు ఆఫీసులో కూర్చుని ఒక చెవితో వింటున్నాను. వంతు సగంలో బాటు ఠక్కున ఆగిపోయింది. చూస్తే సర్వర్ బాగానే ఉంది, లైబ్రరీ బాగానే ఉంది. ఎందుకాగిందో వెతికే వ్యవధి లేదు. మీటింగ్ రూములో దూరి మైకు తెరిచి నేనే అందుకున్నాను. శ్రుతి తప్పింది, దగ్గొచ్చింది. అయినా బుల్లియ్యగారు అందుకునేదాకా వదల్లేదు. అద్దాల తలుపవతల మా మేనేజరు ప్రసన్నకుమార్‌గారు నిలబడి చూశారు. అంత భక్తిగా ఏ క్లయింటుతో మాట్లాడుతున్నావని తరవాత అడిగారు.

మధ్యలో ఆ క్షణం నామం తెగిందేమోనని నిద్ర పట్టడం లేదు. లోపం దొరికేదాకా వదలను. "స్టాప్" నీ చేతిలోనే ఉంది కనక ఆ అనుమానం మాత్రం లేదు.

మణి

తా.క. బాటు దగ్గిందేంటని ఎవరైనా అడిగితే కొత్త మోడల్ అని చెప్పు.

పాలకొల్లు

చిరంజీవి మణికి దీవెనలు.

వెతకడం మాను. "స్టాప్" కొట్టింది నేనే.

నామం తెగలేదు. మైకు మూసి దీపం దగ్గర నేను చెబుతూనే ఉన్నాను. నీ గొంతు వినిపించాకే ఆపాను. నువ్వు రాకపోయి ఉంటే ఆ వంతంతా నేనే చెప్పేదాన్ని, కానీ వస్తావని నాకు తెలుసు. వంతు చూసుకోమని మొదటి ఉత్తరంలో రాసింది నిన్నే కదరా. నువ్వు పేరయ్యని పంపావు.

వీధరుగు మీద ఉన్న మీ మావయ్య నీ మొదటి దగ్గుకే లోపలికొచ్చారు. "మణిగాడు" అన్నారు. స్పీకరు ముందు కూర్చుని, తాళాలు తీసుకుని, నువ్వు ఆపేదాకా నీకు తాళం వేశారు. తన వంతులో తనే కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం మారు అన్నం అడిగారు. నేను కళ్ళొత్తుకుంటూ వడ్డించాను.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. వచ్చే ఏడాది ఆ వంతు నీదే, ఇక్కడికొచ్చి కూర్చో. బాటుని కూడా తీసుకురా. నీకు దగ్గొచ్చినప్పుడు అందుకోవడానికి ఉంటుంది.