అమ్మకు పాట అందించేదెవరు

ప్రియమైన అన్నకు, వదినకు,

తమ్ముడు సామ్యేలు వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? పాపకు దగ్గు తగ్గిందా? గుడియాత్తంలో వానలు పడ్డాయా? అన్నీ రాయండి.

కార్ఖానాలో పని బాగానే నేర్పుతున్నారు. ఈ రష్యా చలి మాత్రం అలవాటు కాలేదు. ముక్కు ఉందో లేదో అని మధ్యమధ్యలో తడిమి చూసుకుంటున్నాను. నల్లరొట్టె, క్యాబేజీ పులుసు తిని నాలుక చచ్చిపోయింది. వదినను కందిపొడి పంపమను, కారం కాస్త ఎక్కువే వేయమను. నా గురించి బెంగ వద్దు, బాగానే ఉన్నాను.

మొన్న సెలవుకు మమ్మల్ని రైల్లో వ్లాదిమిర్ అనే పాత ఊరికి తీసుకెళ్లారు. రాజుల నాటి కోటవాకిలి, తెల్లరాతి చర్చీలు చూశాం. ఒక చర్చి గోడమీద దావీదు రాజు కీర్తన పాడుతుంటే సింహాలూ పక్షులూ చుట్టూ చేరి వింటున్నట్టు చెక్కారు. నేను మన అలవాటు చొప్పున గడప దగ్గర బూట్లు విప్పేశాను. తోటివాళ్లు నవ్వారు. కాపలా ముసలమ్మ వేసుకోమని చేతులూపింది, నేను వినలేదు. లోపల ఆరాధన లేదు, సర్కారు ఎప్పుడో ఆపేసిందట. మన వేలూరు కోటలోని దేవుడు లేని గుడి గుర్తొచ్చింది. చూసేవాళ్లే గానీ మొక్కేవాళ్లు లేరు.

అన్నా, అక్కడే నీ ఉత్తరం గుర్తొచ్చి కడుపు రగిలింది. మన సంఘంలో తెలుగు ఆరాధన ఎత్తేసి అరవంలోనే జరపాలని కూటంలో అడిగితే, ముందు చెయ్యెత్తింది నువ్వేనని గొప్పగా రాశావు. తెలుగు అక్షరాలు చదివేవాళ్లు లేరట, రాష్ట్రాలు విడిపోయాక మనం అరవదేశం వాళ్లమేనట. అమ్మ ఎప్పుడైనా చదివి పాడిందా? నాయన ఒక్కో చరణం అందిస్తే అందుకునేది. నాయన పోయాక నువ్వు అందించావు. తనంతట తాను ఒక్క పాటా మొదలుపెట్టలేదని నీకు తెలుసు.

కాట్పాడి స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "పోయిరా నాయనా, నేనుండంగా అమ్మ పాట ఆగిపోదు" అన్నావు. ఆ చెయ్యే ఎత్తావు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

అమ్మ పక్కింటివాళ్లతో రాయించిన ఉత్తరం కూడా అందింది. "అందురూ సరే అనేసినా మీ అన్నొక్కడే వద్దన్నాడంట. పాపం, వాడొక్కడూ ఏం జేస్తాడు" అంటోంది. ఆ మాట ఆమెకు చెప్పిందెవరు అన్నా?

ఆ రోజు ఆ చర్చిలో తోటివాళ్లు బయటికి వెళ్లాక నాయన పాట మొదటి చరణం మెల్లగా అన్నాను. అందుకునేవాళ్లు లేక ఆగిపోయాను. ముసలమ్మ వాకిలివైపు ఓసారి చూసి గబగబా సిలువ గుర్తు వేసుకుంది. ఇక్కడ సర్కారు మూసింది. మన దగ్గర మనమే చెయ్యెత్తి మూసుకున్నాం.

సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు. పాపకు ముద్దులు. అమ్మను నాకోసం ప్రార్థన చేయమను. ఆమెకు నేను నిజం రాయను, అది నీ పని. ఆదివారం సాయంత్రం చాప పరిచి ఆమె పక్కన కూర్చో. ముందు చెయ్యెత్తింది ఎవరో నీ నోటితో చెప్పు. ఆ తర్వాతే పాట అందించు. ఆమె అందుకుంటే నాకు రాయి. అందుకోకపోయినా రాయి.

కోపం తీరని నీ తమ్ముడు,
సామ్యేలు