రెండో పేజీ లేని ఉత్తరం

మిర్యాలగూడ,
4 నవంబర్ 2024

మాన్యులు గౌరయ్య గారికి,

నమస్కారాలు. నేను ఇక్కడి హైస్కూల్లో తెలుగు టీచర్ని. మీరు ఫోను ముట్టరనీ, ఉత్తరం రాస్తే మాత్రం కోదాడ నుంచి వెంటనే జవాబు వస్తుందనీ విని రాస్తున్నాను. మీ ప్రజాసేవకు యాభై ఏళ్లు నిండాయని డిసెంబర్ 15న సూర్యాపేటలో సన్మానం తలపెట్టారు. సన్మాన పత్రం రాసే పని నామీద పడింది. మీరు చేసిన వాటిలో మీకే తృప్తినిచ్చిన పని ఒక్కటి చెప్తే, దాని గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయగలను.

భవదీయురాలు,
శ్రీవాణి

తా.క.: కమిటీ కార్యదర్శి నాగేందర్ గారు 'అపర భగీరథుడు' అని మొదలుపెట్టమంటున్నారు. సాగర్ కాలువకు నీళ్లొచ్చేనాటికి మీరింకా కాలేజీలోనే ఉన్నట్టు తేలుతోంది. ఏం చేయమంటారు?

*

కోదాడ,
8 నవంబర్

చిరంజీవి శ్రీవాణమ్మకు గౌరయ్య దీవెనలు.

నీ అర్జీ అందింది. సన్మానం కావాలన్నవ్. టీచరమ్మకు సన్మానం చేసుడు ధర్మమే. జిల్లా ఆఫీసుకు సిఫారసు రాసిన. పని కాకుంటె మల్ల రాయి, సిగ్గుపడకు.

నీ మేలు కోరే,
గౌరయ్య

తా.క.: తండ్రి పేరు, సర్వీసు ఎన్నేండ్లో రాయలే. గవి లేకుంటె ఫైలు లేవదు.

*

మిర్యాలగూడ,
13 నవంబర్

గౌరయ్య గారికి,

సన్మానం నాకు కాదండీ, మీకు! నిన్న ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "మేడం, సన్మానం మీకు మీరే అడిగిండ్రంట గదా, శాలువా ఏ రంగుది తేవాలె?" అని. స్పీకర్ ఆన్‌లో ఉంది. స్టాఫ్‌రూమ్ అంతా విన్నది. సునీత టీచరైతే టిఫిన్ డబ్బా కింది తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పి, "ముందుగాల మాది తీస్కో అక్కా" అన్నది.

నేను అడిగింది ఒక్క పని గురించే. తెలియనిది రాయడానికి నాకు చెయ్యి రాదు. అది నిజాయితీయో చాదస్తమో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఈ నెలాఖరుకు ప్రెస్సుకివ్వాలి.

ఇట్లు,
శ్రీవాణి

తా.క.: తండ్రి పేరు రాయడం లేదు.

*

కోదాడ,
17 నవంబర్

అమ్మా శ్రీవాణీ,

సన్మానం నాకని ఇప్పుడు సమజైంది. అయితె నా అనుభవం గూడ జర ఇను. యాభై ఏండ్లల్ల నన్ను పొగుడుకుంట వచ్చిన ప్రతి ఉత్తరానికి రెండో పేజీ ఉన్నది. మొదటి పేజీల నేను భగీరథుణ్ణి, రెండో పేజీల వాళ్లకు బదిలీ కావాలె. నువ్వు రెండుసార్లు రాసినవ్, రెండుసార్లూ రెండో పేజీ లేదు. మొహమాటపడుతున్నవని తెలిసిపోయింది. అందుకే నువ్వు అడగకముందే నాగార్జున సాగర్‌కు బదిలీ చేయమని గట్టిగ రాసిన. జిల్లా ఆఫీసు సారు నా మాట తీసెయ్యడు.

ఆశీస్సులతో,
గౌరయ్య

తా.క.: డ్యామ్ గాలికి తలనొప్పి తగ్గుతది. నీ రాత సూస్తె నీకది ఉన్నట్టే అనిపిస్తున్నది.

*

మిర్యాలగూడ,
21 నవంబర్

అయ్యా,

నాకు బదిలీ వద్దు! మా ఆయన దుకాణం ఇక్కడ, మా కావ్య ఇంటర్ ఇక్కడ. ఫైలు కదిలిందట, సంతకమే మిగిలిందట. మా ఆయన ముఖేష్ అన్నం ముందు కూర్చుని, "నిజం చెప్పు, నువ్వే అడిగినవ్ గదా? మేమేం చేసినం?" అంటున్నాడు. ఏం చెప్పను? దయచేసి ఆపించండి. భగీరథుడనే రాసేస్తాను. ఇక నాకు ఓపిక లేదు.

మీ బాధితురాలు,
శ్రీవాణి

తా.క.: మీరు చేసిన ఒక్క పని మాత్రం కళ్లారా చూశాను. ఎనిమిదో తరగతిలో ఉండగా, నిడమనూరు అవతల మా గుండ్లవాగు బడికి తెలుగు టీచర్ కావాలని, అప్పట్లో జిల్లా పరిషత్‌లో ఉన్న మీకు కార్డు రాశాను. మీరు డ్రిల్లు మాస్టార్ని పంపారు. ఏడాదంతా పరిగెత్తాం. ఇది రాయమంటారా?

*

కోదాడ,
25 నవంబర్

టీచరమ్మకు,

బదిలీ ఆపించిన. మీ ఆయనను కడుపు నిండ తినమను.

నీ ఉత్తరం సదివి నా రేకు పెట్టె తెరిసిన. పని అయిన అర్జీలు చింపేస్త, కానివి అండ్ల దాస్త. నలభై ఒకటి ఉన్నయ్. నీ కార్డు దొరికింది. ఆనాడు గుండ్లవాగుకు ఏ తెలుగు పంతులూ పోనన్నడు. డ్రిల్లు మాస్టర్ ఒక్కడే సరేనన్నడు. పిల్లలకు ఎవ్వరూ లేకపోవుడు కంటె నయమనుకున్న. మనిషిని పంపి అడిగించిన. గాడ ఇయ్యాల్టికీ తెలుగు టీచర్ లేదంట.

నీ రెండో పేజీ ముప్పై మూడేండ్ల కిందనే వచ్చిందమ్మా. పెట్టెల పెట్టుకోని నేనే సూస్కోలే.

బదిలీ వద్దన్నవ్ గనుక డెప్యుటేషన్ పెట్టించిన. వారానికి రెండు దినాలు, గుండ్లవాగు. ఆర్డర్ జతచేసిన. పొద్దున ఏడు గంటల బస్సుంది.

భగీరథుణ్ణి కొట్టెయ్యి. గిది రాయి: 'టీచర్ కావాలని అడిగితె పంపిండు. జర ఆలస్యమైంది.' అట్ల రాస్తెనే సూర్యాపేటకు వస్త.

నలభై అర్జీలు బాకీ ఉన్న,
గౌరయ్య

తా.క.: నీ కార్డు చింపబుద్ధి కాలే, తిరిగి పంపుతున్న. అడుగున నువ్వు రాసింది సూడు: 'మీరు జవాబు ఇవ్వరని అందరూ అంటున్నారు. నేను నమ్మలేదు.' కింద తండ్రి పేరు గూడ ఉన్నది. గప్పుడే నయం, అర్జీ పద్ధతిగ రాసేదానివి.