కూలర్ కింది స్టాండ్లు

మే 12, గురువారం

లారీల రిపేరు షెడ్డులో నాతో పనిచేసే యాదయ్య పానా కోసం బయటికి రాకపోయి ఉంటే, ఈపాటికి నేను శవం పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. జాకీతో లేపిన లారీకి సిమెంటు ఇటుకలు ఆసరా పెట్టి, కింద పడుకుని పనిచేస్తున్నాడు. ఇవతలికి వచ్చాడో లేదో, ఒక ఇటుక పగిలింది, జాకీ ఒరిగింది, లారీ కూలబడింది. అక్కడ విడిచిన అతని చెప్పులు నుజ్జయ్యాయి.

"ఇనుప స్టాండ్లు ఇయ్యి సేటూ, ఇగ ఇటుకల మీద చెయ్యం" అన్నాను.

సేటు కుర్చీలోంచి లేవలేదు. "గవి తీస్తే కూలర్ ఏడ పెట్టాలె? కింద పెడితే గాలి కాళ్లకే తాకుతది. ఇటుకనే గదా పలిగింది, ఇంకోటి పెట్టుండ్రి."

షెడ్డులో ఉన్న నాలుగు స్టాండ్లూ ఆయన కూలర్‌నే మోస్తున్నాయి. పొద్దుటినుంచి సేటుని తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, పోయిన ఎండాకాలం వాటిని లారీ కింద నుంచి లాగి కూలర్ కింద పెట్టింది ఎవరు? నేనే. "దిమాగున్నోడివిరా" అన్నాడు సేటు. ఆ రోజంతా పొంగిపోయాను.

ఇవాళ ఇంకో ఇటుక తెచ్చిందీ నేనే.

సాయంత్రం ఇస్నాపూర్‌లో మా గది దాకా యాదయ్య నా పక్కనే వట్టి కాళ్లతో నడిచాడు. తారు రోడ్డు ఇంకా కాలుతోంది. నేను తాళం తీస్తుంటే అన్నాడు:

"కూలర్‌కైతే ఏం గాలే గదా, అన్నా."