బియ్యం డబ్బాలో హార్డ్ డిస్క్

బందరు, మంగళవారం

చెమ్మ తగలకూడదని హార్డ్ డిస్క్‌ని బియ్యం డబ్బాలో దాచాను. నాగాయలంకలో అమ్మ అన్నీ అలాగే దాచేది. ఇవాళ తీసి పెడితే లైటు మిణుకుమంది గానీ, లాప్‌టాప్‌లో ఏమీ కనిపించలేదు. అమ్మ పోయాక ఆవిడ గొంతు మిగిలింది అందులోనే. రిపేరు షాపుకి పరిగెత్తాను.

"దీన్ని అన్నం వండుదామనుకున్నారాండీ?" అంటూ షాపతను కేబుల్ గుచ్చే చోట ఇరుక్కున్న తవుడు బ్రష్‌తో దులిపాడు. "డిస్క్ బాగానే ఉంది. ఇంకెప్పుడూ బియ్యంలో పెట్టకండి."

గదికొచ్చి విన్నాను. కుటుంబ ప్రార్థనలో అమ్మ అందరి పేర్లూ చెప్పి, చివర్న నా పేరు చెప్పింది. అప్పుడు ఆమెన్‌కి ముందే రికార్డింగు ఆపేసింది నేనే, చేతులు జోడించుకోవాలని.

ఇవాళ పైకే ఆమెన్ అన్నాను. నాతోపాటు ఇంకెవరూ అనలేదు.